స్విచ్చుల మీద అంటించని కాగితం

మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, కోటలాంటి మా గడి అరుగు మీద కూర్చుని తీర్పు చెబితే దాన్ని కాదని కోర్టుకు పోయినవాళ్ళు లేరు. మా నాయన అదే అరుగు మీద పేపరు చదువుకునేవాడు. అప్పటికి తీర్పులు అడిగేవాళ్ళు రావడం మానేశారు. నేను బహ్రెయిన్‌లో, ఈసా టౌన్‌లోని ఒక శిక్షణ కేంద్రానికి మేనేజరుని. హాళ్ళు అద్దెకిస్తాం, బల్లలు వేయిస్తాం. రిఫాలో ఫ్లాటు, కంపెనీ కారు. ఇస్త్రీ లేని చొక్కాతో డ్యూటీకి వెళ్ళిన రోజు మాత్రం లేదు.

ఆ వేసవి మొదట్లో ఒక సంస్థవాళ్ళు నలభైమంది యూదు విద్యార్థుల కోసం వారం రోజులకు హాలు తీసుకున్నారు. వేర్వేరు దేశాల యూనివర్సిటీల్లో చదివే పిల్లలు. తమవాళ్ళు పట్టుమని పదిమంది కూడా ఉండని చోట విద్యార్థి సంఘాన్ని ఎలా నిలబెట్టాలో నేర్చుకోవడానికి వచ్చారు. కొందరు కుర్రాళ్ళు హాల్లో నెత్తిన పెట్టుకున్న చిన్న టోపీని గేటు దాటే ముందు తీసి జేబులో పెట్టుకునేవారు. ఎవరూ చెప్పకుండానే.

వాళ్ళ మాస్టారు గడ్డం నెరిసిన మనిషి. ఆయన పద్ధతి ప్రకారం రోజుకొకరు నాయకులు. ఆ రోజు భోజనాలు, ప్రార్థన, తగాదాలు అన్నీ ఆ ఒక్కరి బాధ్యత. మాస్టారు వెనక కుర్చీలో కూర్చుని చూస్తాడు, సాయం చేయడు. చివరి రోజు ఆదివారం అందరూ ఓట్లేసి, తమ సంఘాలన్నిటికీ ఏడాదిపాటు ఒక నాయకుణ్ణి ఎన్నుకోవాలి. నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో అది పుట్టుకతో వచ్చేది.

శుక్రవారం వంతు ఒక సన్నపాటి అమ్మాయిది. ఆ ఏడాది పదవి తనకు కావాలని ఆమె దాచుకోలేదు. వాళ్ళ యూనివర్సిటీలో సంఘం గది తలుపు మీద ఎవరో బూతులు రాశారట. అప్పటి నాయకుడు మర్నాడే తప్పుకున్నాడట.

“ఎవరో ఒకరు పారిపోకుండా ఉండాలి కదా సార్,” అంది నాతో.

ఆ మధ్యాహ్నం ఆమె ఒక కాగితం, టేపు పట్టుకుని వచ్చింది. “ఇవాళ పొద్దు గూకినప్పటి నుంచి రేపు చీకటి పడేదాకా మాకు సబ్బాతు, విశ్రాంతి రోజు. మేము స్విచ్చు ముట్టం సార్. వేయం, ఆర్పం. మీ చేత చేయించుకోకూడదు కూడా. వెలుగుతున్నవి అలాగే వెలుగుతుండాలి. ఆర్పవద్దని రాశాను, స్విచ్చుల మీద అంటించనా?”

“టేపు వేస్తే గోడ రంగు ఊడుతుంది. కాగితం అక్కర్లేదు. ఈ బిల్డింగులో నా మాట చాలు.”

“తప్పకుండా చెబుతారా సార్?”

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. కోపంగా చూశాను. ఆమె కాగితం మడిచి పట్టుకుపోయింది.

అప్పుడు డ్యూటీలో ఉన్న క్లీనర్‌కు చెప్పాను. శుక్రవారం అతనికి సగం డ్యూటీయే అన్న సంగతి నాకు తట్టలేదు. సాయంత్రం ఓవర్‌టైంకు మామీర్ లేబర్ క్యాంపు నుంచి ఇంకొకతను వచ్చాడు. మా జిల్లావాడే, మా గడి ఎరిగినవాడు. బహ్రెయిన్‌లో నన్ను దొరా అని పిలిచేది అతనొక్కడే. వద్దని నేనెన్నడూ అనలేదు.

పొద్దు గూకే ముందు ఆడపిల్లలు హాల్లో ఒక బల్ల మీద కొవ్వొత్తులు వెలిగించారు. తర్వాత అందరూ పక్క గదిలో ప్రార్థనకు వెళ్ళారు. వెనక వీధి మసీదులో అజాన్ మొదలైంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి హాల్లో లైట్లు లేవు, ఏసీ లేదు. కొవ్వొత్తుల బల్ల ఒక్కటే కనిపిస్తోంది. ఖాళీ హాలు చూసి, నేను చెప్పింది తెలియని ఆ ఓవర్‌టైం క్లీనర్ అన్నీ ఆపేశాడు. ఖాళీ హాల్లో కరెంటు కాలకూడదని రోజూ చెప్పేది నేనే.

అమ్మాయి గుమ్మంలో ఆగి, వరండాలో ఉన్న నా వైపు తిరిగింది.

“ఇక్కడ చీకటిగా ఉంది.”

అంతే అంది. వేయమనలేదు. మా ముత్తాత కూడా దీపం పెట్టమని ఏనాడూ అనలేదట. గడి హాల్లో గాజు దీపాల ఝూమర్ కింద కూర్చుని “చీకటైంది” అనేవాడట, ఎవరో పరుగెత్తేవారట. ఆ మాట ఒకనాడు నా వైపుకు వస్తుందని నేననుకోలేదు. ఆ మాటకు పరుగెత్తేవాణ్ణి నేను కాదనుకున్నాను.

క్లీనర్ నా పక్కకొచ్చాడు. “దొరా, బత్తులు నేనే బంద్ జేసిన. గీ పిల్లలు మళ్ళొస్తరని నాకేమెరుక? ఎయ్యాల్నా?”

“ఆగు.”

“ఆగుడేంది దొరా, ఉడికి సస్తున్నరు. ఒక్క బటనే గదా.”

“ఆగమన్నా కదా.”

వాళ్ళ నియమాన్ని గౌరవిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. మీ అవసరానికి మీరు వేసుకుంటే మాకు అభ్యంతరం లేదని మాస్టారు మొదటి రోజే చెప్పాడు. నా రిజిస్టరు చూసుకోవాలని ఒక్క లైటు వేసుకుంటే సరిపోయేది.

పొడుగాటి కుర్రాడొకడు ముందుకొచ్చాడు. “నేను వేస్తా. పాపం నా ఖాతాలో రాసుకోండి.”

“నువ్వు ఆగు,” అంది అమ్మాయి. “ఈ వారం అందరం పాటిద్దామంటే చెయ్యెత్తావుగా. ఒకటి కాదు, రెండు ఎత్తావు.”

“అప్పుడు ఏసీ ఉంది!”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “తప్పు నాది. స్విచ్చుల మీద కాగితం అంటించాల్సింది, అంటించలేదు. బల్లలు పట్టండి, బయట తిందాం.”

ఆ రోజు వీధిలోకి ఏదీ మోయకూడదట, ఆవరణ చుట్టూ గోడ ఉంది కనుక అక్కడిదాకా మోయవచ్చట. గోడ అవతల వీధి దీపం దానంతటదే వెలిగింది. మాస్టారు తన కుర్చీ తానే మోసుకుపోయాడు. మేనేజరు వద్దన్నాడని ఆమె ఒక్క ముక్క అంటే సరిపోయేది. నా వైపైనా చూడలేదు. వాళ్ళు పాటలు పాడుతుంటే నేను చీకటి హాల్లో నిలబడి ఉన్నాను.

ఆదివారం పొద్దున, ఓట్లకు ముందు, హాలు బయట ఆమెను కలిశాను. “ఆ కాగితం వద్దన్నది నేను. కావాలంటే వాళ్ళకు చెబుతాను.”

అక్కర్లేదంటుందని ఎదురుచూశాను.

“మీరు కోపంగా చూశారు సార్, భయమేసి వదిలేశాను. భయపడింది నేనే కదా,” అంది. తర్వాత తలుపు వైపు చూసింది. “చెప్పాలనిపిస్తే చెప్పండి. అందరూ లోపలే ఉన్నారు.”

తలుపు తెరిచే ఉంది. నేను కాలరు సవరించుకున్నాను. నీళ్ళ బాటిళ్ళు వచ్చాయో లేదో చూడాలని చెప్పి వెనక్కి తిరిగాను.

నాలుగు ఓట్ల తేడాతో పొడుగాటి కుర్రాడు గెలిచాడు. లైట్ల సంగతే చూసుకోలేని మనిషి సంఘాన్నేం చూసుకుంటుందని ఒకరు అనడం నా చెవిన పడింది. ఆమె అందరితో పాటు చప్పట్లు కొట్టి, క్లీనర్‌తో కలిసి కుర్చీలు మడిచింది.

వాళ్ళ బస్సు వెళ్ళాక అతను నా దగ్గరికొచ్చాడు. “గా పిల్ల ఓడిందట గదా దొరా. లైట్ల తప్పు తనదే అన్నదట. బంద్ జేసింది నేను గదా?”

“నీది కాదు తప్పు.”

“మరెవల్ది?”

నేను రిజిస్టరు తెరిచాను. అతను చీపురు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది సెలవులో ఊరికి వెళ్ళినప్పుడు గడి హాల్లోని ఝూమర్ అమ్మేశాను. దాని కింద కూర్చోబుద్ధి కాలేదు. జగిత్యాలలో ఫంక్షన్ హాలు కడుతున్న కాంట్రాక్టరు కొన్నాడు.