నాయనమ్మ అందింపు

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న దూది పొట్లం ఉంటుంది. ఆదివారం ఉదయం తెనాలిలో మా చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచి, చిటికెడు దూదిని రెండు ఉండలుగా నలిపి చెవుల్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుంటాను. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు, అనుకోనీ. లోపల మనిషెత్తు సౌండు బాక్సులు, గాజు పలకల వెనక డ్రమ్ములు, రెండు గిటార్లు, కీబోర్డు, మైకుల ముందు వరసగా ఆరుగురు పిల్లలు ఉంటారు. పాట మొదలైందంటే నా పక్కన పెట్టుకున్న సీసాలో నీళ్ళు వణుకుతాయి, పక్కనున్నావిడ పాడుతోందో ఆవలిస్తోందో తెలియదు. వాయిద్యాలంటే నాకేమీ పగ లేదు. బైబిల్లో తాళాలూ తంబురలూ గట్టిగానే మోగాయి. కానీ ఆ మోతలో నా గొంతు నాకే వినబడనప్పుడల్లా నాకు మా ఊరి గుడి, మా నాయనమ్మ రూతమ్మ గుర్తొస్తారు.

మా ఊరు రేపల్లెకు ఐదారు మైళ్ళు, కాలవ గట్టు మీద. మావాళ్ళు చర్చిని గుడి అనే అనేవారు. పెంకుటి కప్పు, సున్నం గోడలు, వాన పడితే నాలుగు చోట్ల కారే నీళ్ళు, ఆ నాలుగు చోట్లా నాలుగు సత్తు గిన్నెలు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, ఈతాకు చాపల మీద. నాట్ల రోజుల్లో వారమంతా బురదలో పాచిపోయిన పాదాలకు పసుపూ ఆముదమూ రాసుకుని వచ్చేవాళ్ళు ఆడవాళ్ళు. గంజి పెట్టిన నేత చీరల వాసన, తలలకు కొబ్బరినూనె, కనకాంబరాలు, ఎవరో ఒకరి ఒళ్ళో పాలు కక్కిన పసిబిడ్డ, కిటికీలోంచి వచ్చే మినుము చేల పచ్చి వాసన, అన్నీ కలిసిన గాలిని ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. ప్రసంగం సాగుతుంటే మేం పిల్లలం పావడాల చాటున అచ్చంగాయలు ఆడుకునేవాళ్ళం. ఒక రాయి చేతి నుంచి జారి నేల మీద టక్కుమంటే గుడంతా వినబడేది, అంత నిశ్శబ్దం. ఇంటికెళితే ఏం జరుగుతుందో ఆ టక్కుతోనే మాకు తెలిసిపోయేది.

పండగలకు పండగల రుచి ఉండేది. డిసెంబరు వచ్చిందంటే వెదురు పుల్లలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టడం, ఇంటింటా అరిసెల పాకం, పాకం ముదిరిందని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడం. మంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు దాకా పస్తు, ఆ తర్వాత తాగే మజ్జిగ కన్నా తియ్యనిది లోకంలో లేదని ఇప్పటికీ అంటాను. కోతపండగకు గుడి స్తంభాలకు వరి పనలు కట్టేవారు. బల్ల ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కొల్లూరు లంకల నుంచి ఎవరి బంధువులో పంపిన వంకాయల బుట్ట, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకోగానే ఏదో ఒక కోడి తప్పకుండా అందుకునేది. మేం నవ్వు ఆపుకోలేక చాపల్ని కొరుక్కునేవాళ్ళం.

మా నాయనమ్మకు చదువు రాదు. చనిపోయిన మా తాతయ్య ఉపదేశిగా పనిచేశారు, పాస్టరుగారు రాని ఆదివారాల్లో గుడి నడిపేది ఆయనే. ఆయన చదివి వినిపిస్తే ఈవిడ విన్నది విన్నట్టు పట్టేసేది. ఎన్ని పాటలు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. గుడిలో పాట అందించే పని ఆవిడది. అదేంటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. ఆడవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ముగ్గురో నలుగురో. పల్లవి అందరికీ వచ్చు, చిక్కంతా చరణాల దగ్గరే. ఒక పాదం పాడి చివరి అక్షరాన్ని అందరూ సాగదీస్తుంటే, ఆ సాగతీత లోపలే నాయనమ్మ తర్వాతి పాదాన్ని రాగం లేకుండా, గబగబా, మాటగా చెప్పేసేది. జనం దాన్ని అందుకుని పాడేవారు. దాన్నే అందింపు అనేవాళ్ళం. ఆవిడ మాట చెప్పే ఆ రెండు క్షణాలూ హార్మోనియం వాయించే ఏసోబు మాస్టారు వేళ్ళు పైకి లేపేసేవారు, డోలకు కొట్టే ఆయన అరచేతిని చర్మం మీద ఆనించి మోత ఆపేవాడు. వాయిద్యం ఎంత గట్టిగా ఉండాలన్న ప్రశ్నకు మా గుడిలో ఉన్న కొలత అదొక్కటే, రూతమ్మ మాట చివరి చాప దాకా వినబడాలి.

ఆవిడ గొంతు గొప్ప తీపి గొంతేమీ కాదు. పొలంలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచే గొంతు. కానీ ఆ గొంతు చెప్పగానే వెనక నలభైమంది, అక్షరం ముక్క రానివాళ్ళు, అన్ని చరణాలూ తప్పు లేకుండా పాడేవారు. పక్కింటి మరియమ్మ పెద్దమ్మ అయితే కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, అందరి కన్నా అర తాళం వెనకగా పాడేది. "నీకోసం పరలోకం తలుపు కాసేపు తెరిచి ఉంచుతార్లేవే" అని నాయనమ్మ ఆవిణ్ణి ఆటపట్టించేది. మేం గుడి అరుగు మీద గుడి ఆట ఆడుకునేటప్పుడు అయ్యగారి వేషానికి ఎవరూ పోటీపడేవారు కాదు. రూతమ్మ వేషానికే జుట్లు పట్టుకునేవాళ్ళం.

నాకు పదకొండేళ్ళప్పుడు మా బాబాయి ప్రసాదు, నాయనమ్మ కడగొట్టు కొడుకు, తెనాలిలో మైకుసెట్ల షాపులో పనికి కుదిరాడు. పట్నం చర్చీల్లో ఏమేం ఉన్నాయో చూసి వచ్చి, ఊళ్ళో కుర్రాళ్ళను పోగేసి, గుడికి ఒక కీబోర్డూ రెండు పెద్ద బాక్సులూ రెండు మైకులూ తెప్పించాడు. కప్పు మాత్రం కారుతూనే ఉంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఏసోబు మాస్టారు గొణిగి హార్మోనియానికి గుడ్డ కప్పేశారు. నాకు మాత్రం స్వర్గం దిగొచ్చినట్టే ఉంది. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే డ్రమ్ములు వాటంతటవే మోగేవి. మైకుల్లో ఒకటి అయ్యగారిది, ఒకటి పాటకు. బాబాయి నా గొంతు బాగుందని పాట మైకు నా చేతికిచ్చాడు. వేలెడంత లేని నేను ఊఁ అంటే, ఆ ఊఁ కాలవ అవతలి గట్టుకు తగిలి తిరిగొచ్చేది. ఆ రుచి మరిగినవాళ్ళకే తెలుస్తుంది.

చిక్కల్లా ఏంటంటే, మీట నొక్కాక ఆ డ్రమ్ము ఆగదు. దానికి వేళ్ళు లేపడం తెలియదు. నాయనమ్మ తన చోట నిలబడి పాదం చెబుతూనే ఉంది, అది బాక్సుల మోతలో పడి కొట్టుకుపోతూనే ఉంది. పల్లవి దాకా ఆడవాళ్ళు పాడేవారు. చరణం రాగానే మెడలు చాచి ఆవిడ పెదాల వైపు చూసేవారు, ఏమీ దొరక్క ఊరుకునేవారు. రెండు నెలలకు ఎడమవైపు చాపలన్నీ మూగబోయాయి. మైకు ముందు నిలబడినదాన్ని గనక ఆ మూసుకున్న నోళ్ళన్నీ నాకు ఎదురుగానే కనబడేవి. చూడనట్టు పాడాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాయనమ్మ అయ్యగారి దగ్గరకూ సంఘ పెద్దల దగ్గరకూ వెళ్ళి నిలబడింది. "ఒక్క రవ్వ తగ్గించండయ్యా. లేదంటే ఆ మైకన్నా ఇప్పించండి. ఆడాళ్ళకి పాదం అందట్లేదు" అంది. బాబాయి మొహం ముడుచుకున్నాడు. "తగ్గిస్తే ఇక బాక్సులెందుకమ్మా? నీ మాట బానే వినపడతంది" అన్నాడు. పెద్దలు అటూ ఇటూ చూసుకున్నారు. అయ్యగారు మంచి మనిషి, ఎవరినీ నొప్పించలేక నా వైపు తిరిగారు.

"నువ్వు ముందర నిలబడతావు కదమ్మా. నాయనమ్మ అందించేది నీకు వినపడతందా?"

నాకు ఒక్క క్షణం పట్టలేదు. లేదంటే మైకు పోతుంది.

"వినపడతందండి" అన్నాను.

నాయనమ్మ నన్ను చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. "పిల్లకి వినపడతందంటే ఇంకేంటండి. నాదే చాదస్తం" అని నవ్వేసి, చాపలు చుట్టడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆవిడ గొంతు పెంచింది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. మెడ నరాలు ఉబ్బేలా, ముందుకు వంగి, బాక్సుల మీద పందెం కట్టినట్టు అరిచేది. సోమవారాలు గొంతు బొంగురుపోయేది, మిరియాల పాలు తాగి, గొంతుకు గుడ్డ చుట్టుకుని కలుపు తీతకు వెళ్ళేది. నేను పక్కనే పడుకునేదాన్ని, నిద్రలో కూడా దగ్గేది. అయినా నేను నోరు విప్పలేదు. ఆ ఏడు కోతపండగ రోజు, గుడి నిండా వరి పనల వాసన, మూడో చరణం అందిస్తూ నాయనమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. గాలి వచ్చింది. కీబోర్డు డ్రమ్ము మాత్రం తప్పు లేకుండా మోగుతూనే ఉంది. అటువైపు ఏం జరిగిందో మగవాళ్ళలో సగం మందికి తెలియనే లేదు.

రేపల్లెలో డాక్టరుగారు గొంతులో పుండు పడిందన్నారు, నెలల తరబడి మాట్లాడొద్దన్నారు. పుండు మానింది. కూర అడగడానికీ కోడిని అదిలించడానికీ సరిపడా గొంతు తిరిగొచ్చింది, పాటకు రాలేదు. గుడికి వచ్చి వెనక చాప మీద కూర్చునేది. ఆడవాళ్ళు పల్లవి పాడి ఊరుకునేవారు, కొన్నాళ్ళకు అదీ మానేశారు. నేను హైస్కూలుకు తెనాలి హాస్టలుకొచ్చాను. నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆవిడ పోయింది. సమాధి దగ్గర కూడా బాబాయి బాక్సులు పెట్టించాడు, ప్రేమతోనే పెట్టించాడు. పాట మాత్రం ఎవరూ అందించలేదు.

ఇప్పుడు మా చర్చిలో పాటంతా తెర మీద వస్తుంది, అందరికీ చదువొచ్చు, అందించేవాళ్ళ అవసరం లేదు. తెనాలిలో అడిగాను, పొన్నూరులో అడిగాను, ఆ పని చేసేవాళ్ళను చూసినవాళ్ళు కూడా తగ్గిపోయారు. మోత కొంచెం తగ్గించమని మిక్సరు దగ్గరున్న అబ్బాయిని ఒకటి రెండుసార్లు అడగబోయాను. "అందరికీ వినపడాలి కదండీ ఆంటీ" అన్నాడు మర్యాదగా. తిరిగి అడిగే నోరు నాకు లేక వచ్చేశాను.

పోయిన నెల మరియమ్మ పెద్దమ్మను చూడ్డానికి బాపట్ల వెళ్ళాను. కూతురి దగ్గర ఉంటోంది, మంచం దిగలేదు, చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులే. నారింజ తొనలు ఒలిచి పెడుతూ, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఆవిడకు చెప్పేశాను. ఆ రోజు వినబడలేదు పెద్దమ్మా, నేను అబద్ధమాడాను, నాయనమ్మ నన్ను నమ్మి గొంతు పోగొట్టుకుంది అన్నాను.

"నమ్మడమేంటే పిచ్చిదానా" అంది పెద్దమ్మ. "ఆ సాయంత్రం నేనే చెప్పా మీ నాయనమ్మకి. అత్తా, నీ మాట రెండో చాప దాకా కూడా రాట్లేదు, పిల్ల అబద్ధమాడింది అని. నాకు తెలుసులేవే అంది. పెద్దల ముందు దేవుడి గుడిలో అనేసింది, ఇప్పుడు నేను ఊరుకుంటే పిల్ల అబద్ధాలకోరని ఊరంతా అంటారు, వినపడేట్టు నేనే అరుస్తాలే అంది."

నారింజ తొన నా చేతిలోనే ఉండిపోయింది. నమ్మి మోసపోయిందనుకుని ఇన్నేళ్ళు ఏడ్చాను. ఆవిడ మోసపోనే లేదు. నా మాట నిజం చెయ్యడానికి ఆదివారం తర్వాత ఆదివారం గొంతు చించుకుంది. నేనేమో ఎదురుగా మైకు పట్టుకుని పాడుతూ నిలబడ్డాను. పెద్దమ్మ మంచం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమురుతూ మెల్లగా ఒక పాట ఎత్తుకుంది. కోతపండగ పాట, తాతయ్య స్వయంగా కట్టింది, ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. పల్లవి నేనూ కలిశాను. మొదటి పాదం దగ్గర చివరి అక్షరాన్ని సాగదీస్తూ ఆవిడ మొహం నా వైపు తిప్పి ఆగింది.

"చెప్పవే" అంది.

"నాకు రాదు పెద్దమ్మా."

"నాకెక్కడొచ్చు, మీ నాయనమ్మ చెబితే పాడేదాన్ని" అంది. ఇద్దరం మళ్ళీ పల్లవే పాడుకున్నాం.