బురద పాకం

మొన్న మా చిన్నాన్న కొడుకు అప్పలరాజు చోడవరం నుంచి వస్తూ ఒక బెల్లం దిమ్మ తెచ్చాడు. ఈ రోజుల్లో బెల్లానికి రంగే గాని వాసన ఎక్కడిది? ఇది మాత్రం ఎవరో పాత పద్ధతిలో వండినట్టుంది, నల్లగా, కాస్త మాడు వాసనతో. గోనె విప్పగానే నేను డెబ్భై ఏళ్ల కిందటి మా చెరుకు తోట గట్టు మీద వెళ్లి కూలబడ్డాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది, నా యాసంతా దిద్దుకుంటూ.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మూడో తరగతి. పదహారో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఆ ఏడు గానుగ కట్టేసరికి మా పిన్ని పురిటి మంచం మీద ఉంది. ఇంటిల్లిపాదీ చెరుకు పనిలోకి పోతే ఆవిడ పిల్లల్ని, నాలుగేళ్ల నూకాలునీ, ఏడాదిన్నర అప్పలరాజునీ చూసేవాళ్లు లేరు. "గానుగ అయ్యేదాకా గుంటల్ని సూడే, ఆనక బడికి ఎల్దువుగాని" అన్నాడు నాన్న. రెండు రోజులు ఏడ్చాను. పలక మీది లెక్క చెరిగిపోకుండా బియ్యం కుండ వెనక దాచాను.

మంచు విడవకముందే ఎద్దులు గానుగ చుట్టూ తిరగడం మొదలుపెట్టేవి. ఎండిన పిప్పి పొయ్యిలో చిటపటలాడుతూ మండేది, పెనంలో రసం ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి తేనె రంగులో బుడగలు తేలుతూ కుతకుతలాడేది, ఆ ఆవిరికి మా జుట్టూ గౌన్లూ అన్నీ తియ్యగా వాసన వేసేవి, కందిరీగలు మా వెంటే తిరిగేవి. పాకం చూడడం మా మామ్మ పని. గరిటెతో ఒక బొట్టు నీళ్లలో వేసి, వేళ్లతో ఉండచేసి, పళ్లానికేసి కొట్టేది. టక్కుమంటే పెనం దించేవారు, లేకపోతే "రానేదు" అనేది. ఆవిడ మాట దాటితే దిమ్మ గట్టిపడదని అందరికీ భయం.

మేం ముగ్గురం పిప్పి కుప్ప పక్కన మా గానుగ పెట్టుకున్నాం. నేలలో ఒక కర్ర పాతి, దానికి పాత చీర పేలిక కట్టి, రెండో కొస నా నడుముకి చుట్టుకున్నాను. ఎద్దుని నేనే. అప్పలరాజు నా వీపు మీద జుట్టు పట్టుకుని, చొంగ నా మెడ మీద కార్చుకుంటూ ఊగేవాడు. అక్కని అప్పా అని పిలిచే నూకాలు చెరుకాకుతో అదిలించేది. పెంకులో బురద కలిపి, మామ్మలాగే మూతి బిగించి, ఒక చుక్క నీళ్లలో వేసి చూసేది. బురద కాబట్టి కరిగిపోయేది. "పాకం రానేదప్పా, ఇంకా తిరుగు" అనేది. నేను మళ్లీ తిరిగేదాన్ని. కళ్లు తిరిగి ముగ్గురం పిప్పిలో పడి, కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లం. నాలుగో రోజుకి బడి గంట వినపడినా నా ప్రాణం అటు లాగడం మానేసింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, నా బతుకులో అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

ఒక ఉదయం మా మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని గానుగ దగ్గరకే వచ్చారు. తెలివైన పిల్లనీ, ఈ ఏడు పోతే మళ్లీ రాదనీ నాన్నతో చెప్పారు. నాన్న కాసేపు తల గోక్కుని నా వైపు తిరిగాడు.

"ఏటే, ఎల్తావేటి?"

నా నడుముకి పేలిక ఉంది. వీపు మీద అప్పలరాజు. నూకాలు బురద చుక్క నీళ్లలో వేసి చూస్తోంది.

"పాకం రానీండి మాస్టారండీ, వచ్చేత్తాను" అన్నాను.

అందరూ ఒక్కసారి నవ్వారు. "సూసేరా, దానికే మనసు నేదు" అన్నాడు నాన్న. మాస్టారు మాత్రం నవ్వలేదు. నా తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయారు.

గానుగ విప్పేశారు. పిన్ని చంకలో మూడో బిడ్డ. నేను పలక తుడుచుకుని బయలుదేరబోతే అమ్మ గుమ్మంలోనే ఆపింది. "గుంటలు నీ దగ్గిరైతేనే ఊరుకుంటన్నారు, ఈ ఏడుకి ఉండిపో" అంది. మరుసటి ఏడు పరికిణీ కట్టిన పిల్లకి బడేమిటన్నారు. నా పలక అప్పలరాజుకి వెళ్లింది. వాడు దాని మీదే దిద్దుకుని, చదువుకుని, ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేశాడు. ఎవరినని ఏం లాభం? అడిగినప్పుడు ఆ మాట అన్నది నేనే.

మొన్న వాడిని అడిగాను, "మన పాకం ఆట గుర్తుందేట్రా?" అని.

"ఏ ఆటప్పా? నాకేటీ గుర్తు నేదు" అన్నాడు.

వాడి తప్పు కాదు. గుర్తుండవలసింది నూకాలుకి, అది పోయిన ఏడే పోయింది. ఆ గానుగలూ లేవు, ఆ గట్టు మీద ఎవరివో ఇళ్లు లేచాయి.

ఇదంతా రాసి మనవరాలు కాగితం నా చేతిలో పెట్టింది, ఒకసారి చదువుకో మామ్మా అని. కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా పట్టుకున్నాను. 'అ' కనబడింది, 'ర' కనబడింది. వాటి పక్కనున్నవేమిటో ఎంత చూసినా గుర్తు రాలేదు. బాగుందమ్మా అని తిరిగి ఇచ్చేశాను.