పెట్టుడు మందు కాదని రాసియ్యమంది

కరోనా సద్దుమణిగిన ఏడాది సంగతి. నరసరావుపేటలో మా ల్యాబు. నేను పాథాలజిస్టుని, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కని మైక్రోస్కోపు కింద చూసి జబ్బేందో చెప్పేదాన్ని. రోగుల మొహాలు మాకు చానా అరుదుగా కనపడతాయి. అంజమ్మ మాత్రం నేరుగా నా గదిలోకే వచ్చింది.

రొంపిచెర్ల వైపు మిరప రైతు కోటేశ్వరరావు భార్య ఆమె. ఆయనకి నెలల తరబడి ఆకలి లేదు. గోంగూర వేసుకుని గిన్నెడన్నం లాగించే మనిషి కంచం చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. మొగుణ్ణి కొంగుకి కట్టేసుకోడానికి కోడలు అన్నంలో పెట్టుడు మందు కలిపిందని అత్తగారి నమ్మకం. మందు కక్కిస్తానన్నవాడి దగ్గరికి తీసుకెళ్లి పసరు తాగించింది. రక్తం కక్కుకున్నాకే ఆయన్ని ఎండోస్కోపీకి తెచ్చారు. అంజమ్మనైతే అప్పటికే పొయ్యి కాడికి రానివ్వడం మానేశారు.

"మందు కాదని రాసియ్యండి డాక్టరమ్మా. ఇంకేమీ వద్దు," అంది.

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. "మీ అత్తనీ, ఆయన్నీ పిలువమ్మా," అన్నాను.

ఎండోస్కోపీలో తీసి మా ల్యాబుకి పంపిన ముక్కలో కడుపు పొర పేగు పొరలా మారిపోయి ఉంది. దీన్ని ఇంటెస్టినల్ మెటాప్లేసియా అంటాం. ఓ బాక్టీరియా ఏళ్ల తరబడి కడుపులో తిష్ఠ వేస్తే ఇట్లా అవుతుంది. హార్మోన్లు తయారుచేసే కణాలు కనపడేందుకు క్రోమోగ్రానిన్ అనే స్టెయిన్, అంటే ఓ రకం రంగు, కూడా వేయించాను. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను అలాంటి కణాల్లోనే తయారవుతుంది. పొర అరిగేకొద్దీ అవి పలచబడతాయి, ఆయనకీ అట్లాగే పలచబడ్డాయి.

"పెద్దమ్మా, అన్నంలో ఎవరేం కలిపినా పొర ఇట్లా మారదు," అని అత్తగారికి గట్టిగానే చెప్పాను.

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఏమే, ఇంటికి పోయి వాడికి అన్నం వండు," అంది. అంతకుమించి ఆ నోట క్షమాపణ రాదు.

"ఆకలి మళ్లీ వస్తదా అమ్మా?" అనడిగాడు కోటేశ్వరరావు. "చేలో సద్ది మూట విప్పిందాకా ఆగలేకపోయేవాణ్ణి. అట్లా ఒక్కపూట అనిపిస్తే చాలు."

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. "బాక్టీరియాకి మందులు వాడితే కొంత రావచ్చు. మునుపటంత వస్తదని చెప్పలేను. ఆకలి కోసం చూడమాకండి, వేళకి తినండి."

మరుసటేడు ఆయనకి మళ్లీ ఎండోస్కోపీ చేయించడానికి వచ్చి, అంజమ్మ నన్నూ పలకరించింది. ఆయన ఒళ్లు చేశాడట, ఆమె చేతి వంటే తింటున్నాడట.

"ఇంకేంది మరి, ఆ దిగులు మొహం?"

"గడియారం చూసి తింటాడమ్మా. ఏది పెట్టినా బాగుందంటాడు. ఇదివరకు కూర దించకముందే 'ఏమే, ఆకలేస్తంది, పెట్టవా' అని కసిరేవాడు. ఆ కసురు కోసం రోజూ చూస్తన్నా."

ఏ కణాలు తగ్గాయో రాయడం నాకు చేతనవును. ఒకరికి ఆకలి చచ్చిపోతే వండిపెట్టే మనిషి పస్తుంటుందని ఆమె చెప్తేగానీ నాకు తెలియలేదు.