పదకొండు దుకాణాలకు నేను చెప్పిన లెక్క

మూడు వేల నాలుగు వందల రూపాయలు! నా తెలివితోటి మిగిలిన సొమ్ము గదే. గిప్పుడు బజారుల మొఖం ఎట్ల చూపెట్టాల్నో సమజైతలేదు. నవ్వుతరు గని, మొత్తం ఇన్నంక నవ్వండి.

పెద్దపల్లిల మాకు రెండంతస్తుల దుకాణం ఉండె. బాపు దుబాయిల పన్నెండేండ్లు పని చేసి కట్టిచ్చిన బిల్డింగ్. కింద నా ఫ్లెక్సీ ప్రింటింగ్, మీద గోదాం. పోయినేడు దానికి ఇన్సూరెన్స్ చేసేటప్పుడు ఏజెంట్ సుజాతక్క ఒక ఫారం ముంగట పెట్టింది.

"తమ్మీ, గీ యాడ్-ఆన్ గుడ తీస్కో. బిల్డింగ్ కాలిపోతే, పాతది ఎట్లుండెనో అట్ల కట్టేటందుకే పాలసీ పైసలిస్తది. మున్సిపాలిటోళ్లు కొత్త రూల్స్ ప్రకారం కట్టుమంటే అయ్యే ఎక్కువ ఖర్చు గిది ఇస్తది."

"ఎంతక్కా?"

"ఏడాదికి మూడు వేల నాలుగు వందలు."

నేను ఊకుంటనా? బీకాం ఫస్ట్ క్లాస్! అక్కడనే ఫోన్ల ఎక్సెల్ షీట్ చేసిన. పదేండ్లకు ముప్పై నాలుగు వేలు. మా బజారుల ఇప్పటిదాక కాలిన దుకాణాలు సున్నా. సున్నాను దేనితోటి గుణిచ్చినా సున్నానే. "వద్దక్కా" అన్న.

అక్కడికి ఆగితే అయిపోతుండె. గా షీట్ దుకాణదార్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిన. పదకొండు మంది వాళ్ల యాడ్-ఆన్ తీసేయించుకున్నరు! "పిలగాడు కాదుర, కంప్యూటర్" అని కిరాణం సత్తన్న మెచ్చుకుంటే వారం రోజులు కాలర్ ఎగరేసుకుంట తిరిగిన.

మొన్న ఎండకాలంల, నేను అన్నానికి ఇంటికి పోయిన యాళ్లకు షార్ట్ సర్క్యూట్. లోపటంత ఫ్లెక్సీ రోల్స్, ఇంకు డబ్బాలు. ఇంకేముంది! మనుషులకు ఏం కాలే గని, స్లాబ్ నెర్రెలు బాసింది. "మొత్తం కూలగొట్టుడే" అన్నడు ఇంజినీర్.

నష్టం లెక్కగట్టేటందుకు ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు నన్ను చూడాలె మీరు! ఇటుక ఇటుకకు లెక్క చూపెట్టిన. ఆఖరికి ఆయననే "ఇగ చాలు బాబూ, ఆ క్యాలిక్యులేటర్ లోపట పెట్టు" అని దండం పెట్టిండు. నేనడిగిన పద్దెనిమిది లక్షల అరువై వేలు రూపాయి తగ్గకుంట మంజూరైనయి. వెంటనే గ్రూపుల పెట్టిన. చప్పట్లే చప్పట్లు!

పాత బిల్డింగ్ నక్షానే పట్టుకొని మున్సిపాలిటీకి పోయిన. టౌన్ ప్లానింగ్ సార్ నక్షా చూసిండు, నన్ను చూసిండు.

"రోడ్డు అంచుకు కడితే పర్మిషన్ ఎవలిస్తరయ్యా?"

"పాతది గట్లనే ఉండె గద సార్?"

"పాతది కాలిపాయె గద!"

ఎర్ర పెన్ను తీసిండు. ముంగట జాగ ఇడువాలె. మెట్లు వెడల్పు చేయాలె. ర్యాంపు పెట్టాలె. మీద నీళ్ల ట్యాంకు, మంటలార్పే పైపులు. ఆయన గీత గీసినకొద్ది నేను మనసుల కూడుకుంట పోయిన. పెన్ను మూసేసరికి ఐదు లక్షల ఎనభై వేలు ఎక్కువైంది. తప్పు కూడిననేమో అని మళ్ల కూడిన. నా లెక్క తప్పదు గద, ఖర్మ!

సుజాతక్కకు ఫోన్ కొట్టిన. "అక్కా, గా యాడ్-ఆన్ ఇప్పుడు తీసుకుంటే..."

అక్క తిట్టినా బాగుండు. "అన్నం తిన్నవా తమ్మీ?" అని అడిగింది. భూమి పగిలితే అండ్ల దుంకుదామనిపిచ్చింది.

బాపుకు చెప్పిన. ఆయన మస్తుసేపు గడ్డం గోక్కున్నడు. "ఇప్పటికి కింది అంతస్తే కడదాం తీయ్. గని నీ మాట ఇన్న పదకొండు మంది సంగతేంది బిడ్డా?"

గది నాకు యాదికే రాలే! అందరివి రోడ్డు అంచుకు కట్టిన పాత బిల్డింగులే. రేపు ఎవలిది కాలినా గిదే గతి. పైంగ సత్తన్న రెన్యువల్ గీ వారమే. గాబరగ ఫోన్ చేస్తే ఆయన నన్ను మాట్లాడనిస్తే గద!

"అరే, నేనే చేద్దామనుకున్న! ఆదివారం మన మీటింగుల నీకు సన్మానం. కంపెనోళ్ల దగ్గర రూపాయి ఇడువకుంట గుంజినవ్! శాలువ గుడ కొన్న" అని ఫోన్ పెట్టేసిండు.

గా ఆదివారం ఇయ్యాలనే. ఐదింటికి మీటింగ్. సుజాతక్కను పదకొండు ఫారాలు తెమ్మన్న, వస్తున్నది. గీ ఛాయ్ తాగి నేను పోవుడే. పోంగనే ముందుగాల మైకు గుంజుకుంట. శాలువ కప్పినంక చెప్తే, వాపస్ ఎట్ల తీస్కోవాల్నో తెల్వక సత్తన్న పరేషాన్ ఐతడు!