రత్నమ్మక్క జీపు కింద దూరిన రోజు

పొద్దున కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోబోతుంటే వాకిట్లోంచి ఒక వాసన వచ్చింది. గంధకం, మాడిన ఉల్లిపాయ కలిసినట్టుండే వాసన. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం గ్లాసు పక్కన పెట్టి లేచాను. మనవడు కొత్తగా కొన్న పెద్ద కారు కింద వెల్లకిలా పడుకొని, ఫోనులో చూసి నేర్చుకున్న విద్యను పరీక్షించుకుంటున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. అలాంటి బండ్లకు ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన ఇనుప డబ్బా ఒకటుంటుంది. అందులో గేర్ల పళ్లు ఒకదాన్నొకటి పట్టుకొని తిరుగుతుంటాయి. ఆ వాసన వాటిని తడిపే నూనెది, గేరాయిలుది. పుస్తకాల్లో దాన్ని డిఫరెన్షియల్ అంటారు, మా ఊరి షెడ్లలో క్రౌన్ అంటారు. "పై బోల్టు ముందు తీసినావా?" అని అడిగాను. వాడు తల బయటికి పెట్టి, "నీకెట్ల తెలుసు అవ్వా ఇవన్నీ?" అన్నాడు. నాకు నేర్పిన మనిషిని వాడు చూడలేదు. మీరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త ప్రకాశం జిల్లాలో కలిపిన రోజులవి. ఏ పనికి ఏ ఊరు పోవాలో ప్లీడర్లకే సరిగా తెలిసేది కాదు. మార్కాపురానికి నేను కొత్త కోడలిని. ఎదురింటి రత్నమ్మక్క వాళ్లది వ్యాపారస్థుల కుటుంబం. ఆమె భర్త ఒక పాత మిలిటరీ జీపులో యర్రగొండపాలెం దాటి అడవి అంచు గూడేలకు సరుకు తీసుకుపోయేవాడు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు ఇచ్చి చింతపండు, కుంకుడుకాయలు తెచ్చేవాడు. వాళ్ల దుకాణానికి ఆయువుపట్టు ఆ జీపే. వాగుల్లో దిగి లేచే బండి కాబట్టి క్రౌనుల్లోకి నీళ్లు చేరేవి. అందుకని ఏటా శివరాత్రికి ముందు, శ్రీశైలం పోయే యాత్రికులు బండి అడగడం మొదలుపెట్టకముందే, ఆయన ఇంటి ముందే ముందు ఇరుసుదీ వెనక ఇరుసుదీ రెండు క్రౌనుల నూనె మార్చేవాడు. పక్కన కూర్చొని పానాలు అందించేది రత్నమ్మక్క. పంట తీసిన చేలలో ఆమెకు స్టీరింగు పట్టడం కూడా నేర్పాడు. ఆ సంగతి మాత్రం వీధిలో ఎవరికీ చెప్పలేదు.

ఆయన జ్వరంతో పోయాడు. ఆచారం ప్రకారం ఆమెను ఏడాదిపాటు మూల కూర్చోబెట్టారు. లోపలి గదిలో గోడ మూలన చాప, ఆ చాప మీద ఆమె. గడప దాటకూడదు, మగవాళ్లకు ముఖం చూపించకూడదు, మాట్లాడాల్సివస్తే తలుపు చాటు నుంచే. మొదటి రెండు నెలలు మరిది సుబ్బయ్య జీపు నడిపాడు. తర్వాత దాన్ని తెచ్చి ఆమె వాకిట్లో పెట్టాడు. వెనక ఇరుసు తోడేలు ఏడ్చినట్టు ఏడుస్తోంది. "బండి పని అయిపోయింది. అమ్మేద్దాము. దుకాణం నా దాంట్లో కలుపుతా, వదిన మా ఇంట్లోనే ఒక మూల ఉంటాది," అని పెద్దమనుషులకు చెప్పాడు. అంటే ఏడాది మూల కాస్తా బతుకంతా మూల కావడానికి ఏర్పాటు జరిగిపోతోందన్న మాట. ఆమె షెడ్డు మేస్త్రీకి కబురు చేస్తే, "ఇంట్లో మగోళ్లుంటే పంపించమను," అని తిప్పి పంపాడు. ఆ ఇంట్లో మగోళ్లు లేకపోవడమే కదా ఆమె కష్టం. ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పెద్దమనుషులు వస్తామన్న రోజు పొద్దున్నే నేను మా వాకిట్లో చెంబు తోముతున్నాను. ఎదురింటి తలుపు తెరుచుకుంది. రత్నమ్మక్క చీర కుచ్చిళ్లు గోచీ పోసి కట్టి, ఒక చేత్తో పానాలు, ఇంకో చేత్తో భర్త కొని పెట్టుకున్న గేరాయిలు డబ్బా పట్టుకొని వచ్చింది. నేరుగా జీపు కింద దూరింది. మా అత్త గుండెలు బాదుకున్నంత పని చేసింది. "లోపలికి రావే, పొద్దున్నే ఆ ముండమోసినదాని ముఖమేంది చూసేది," అని నన్ను కసిరింది. అప్పుడే జీపు కింద నుంచి మాట వచ్చింది: "అమ్మాయ్, ఈ గొట్టం పట్టుకొని గుంజేటోళ్లు ఇంకొకరు కావాల." నేను మా అత్త ముఖం చూశాను, చెంబు కింద పెట్టాను, వీధి దాటాను. పెళ్లయ్యాక ఎవరినీ అడక్కుండా నేను చేసిన మొదటి పని అది.

అంతలో పెద్దాయన కేశవయ్య, ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక సుబ్బయ్య వచ్చారు. వాకిట్లో మంచం వేసి ఉంది, కూర్చున్నారు. కనిపించేది ఆమె పాదాలు మాత్రమే. కేశవయ్య గొంతు సవరించుకొని, "ఏంది తల్లీ ఇది? ఏడాది తిరక్కుండానే బయటికొస్తే లోకమేమంటాది?" అన్నాడు.

"మగోళ్లకు మొగం కనిపించకూడదనే కదా పెదనాయనా ఆచారం," అంది ఆమె కింద నుంచి. "ఈడ నుంచి కనిపిస్తాందా?"

పెద్దాయన నిజంగానే వంగి చూశాడు. కనిపించడం లేదు. మళ్లీ మంచం మీద సర్దుకున్నాడు.

సుబ్బయ్యకు తొందరగా ఉంది. "ముందు కింద బోల్టు తీయి వదినా. పాతది కారిపోవాల కదా," అన్నాడు. ఆమె వినలేదు. కొత్త నూనె పోసే పై బోల్టుకే పానా తగిలించింది. అది ఎవరో మితిమీరి బిగించినట్టు కదలడం లేదు. "పైది రాకముందే కిందిది తీస్తే నూనెంతా కారిపోయి, కొత్తది పోయను దారిలేక బండి ఈడనే కూచుంటాది. అప్పుడు నువ్వు ఎడ్లు కట్టి లాక్కపోవచ్చు. అంతే కదా నాయనా?" అంది. పానాకు ఇనుప గొట్టం తొడిగి, ఆమె లోపల నుంచి, నేను బయట నుంచి బలమంతా పెట్టాం. రెండుసార్లు జారింది, నా మోచేయి చెక్కుకుపోయింది. మూడోసారి కిర్రుమని కదిలింది. అప్పుడు గానీ ఆమె కింద బోల్టు ముట్టుకోలేదు.

బేసిన్‌లోకి పడింది మామూలు నూనె కాదు. పసుపుపచ్చగా, జిగురుగా, తీగలు సాగుతూ వచ్చింది. ఆమె బేసిన్‌ను మంచం వైపు నెట్టింది. కేశవయ్య వేలు ముంచి వాసన చూసి, "ఆముదం కదా ఇది," అన్నాడు.

"ఆముదమైతే ఏంది?" అన్నాడు సుబ్బయ్య. "నూనె తగ్గింది, ఇంట్లో ఉండేది పోసినా. మా నాయన బతికినన్నాళ్లూ ఎద్దుల బండి ఇరుసుకు అదే పోసినాడు. ఏనాడన్నా ఇరుసు ఏడ్చిందా?"

ఆముదాలు పండే నేల మాది. పురిటి బిడ్డ మాడు నుంచి ఎద్దుల బండి ఇరుసు దాకా అన్నిటికీ ఆముదమే. అతను మోసం చేశాడని నేను అనను. అంతకన్నా ఘోరం, నమ్మకంతో చేశాడు. "చంటిపిల్లోనికి తాగించినట్టు జీపుకు ఆముదం తాగించినావు," అంది రత్నమ్మక్క. "నాకు బండి చూసుకోను చేతకాదని పెద్దోళ్లను పిలుచుకొచ్చినావు. మంచిదే. వాళ్ల ముందే బయటపడింది." పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మిగిలిన పనంతా ఆమె తొందరపడకుండా చేసింది. కిరసనాయిలు పోసి జిగురు కడిగి, దాన్నంతా కారనిచ్చి, కింద బోల్టు బిగించింది. దుకాణంలోని గరాటుకు రబ్బరు గొట్టం తగిలించి నా చేతికిచ్చింది. నేను పైకెత్తి పట్టుకొని పోస్తుంటే, పై రంధ్రం అంచు నుంచి నూనె బొట్టు కారగానే "చాలు" అంది. "ముందుది కూడా ఉంది. అందరూ ఏడ్చే దాన్నే చూస్తారు," అని ముందు క్రౌన్ కిందికి జరిగింది.

పని అయ్యాక కేశవయ్య, "సరే, నడిపి చూసేదెవరు?" అన్నాడు. సుబ్బయ్య లేచాడు. ఆ లోపలే ఆమె జీపు కింద నుంచి బయటికి వచ్చింది. బొట్టు లేని ముఖం, దాని మీద నూనె మరకలు, అందరి ఎదుటా, పట్టపగలు. ఎవరి వైపూ చూడకుండా ఎక్కి కూర్చొని, వీధి చివరి దాకా పోయి తిరిగి వచ్చింది. ఏడుపు పూర్తిగా పోలేదు. ఆముదం చేసిన చేటు కొంత ఆ పళ్లలో మిగిలే ఉంది. కానీ మాట వినపడనంత మోత లేదు. "బండి నాది, దుకాణం నాది. మూల కూడా నాదే, ఎప్పుడు కూచోవాలో నేను చూసుకుంటా," అంది. పెద్దమనుషులు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆ ఇంటికి మళ్లీ పంచాయితీకి ఎవరూ రాలేదు.

ఊరు మాత్రం ఊరకే వదల్లేదు. ఆ ఏడు శ్రీశైలం యాత్రికులు ఆమె జీపెక్కలేదు. పెళ్లిళ్లవాళ్లు ఆ వీధి తప్పించి నడిచారు. ఆమె నవ్వి, బండిని అడవి వైపు తిప్పింది. ఉప్పు తెచ్చిన చేతికి గాజులున్నాయా లేవా అని గూడేల్లో ఎవరూ అడగలేదు. మా అత్త నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ మౌనంలోనే నేను మళ్లీ పుస్తకాలు తీశాను, ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాను, బడిపంతులమ్మనయ్యాను.

చాలా ఏళ్ల తర్వాత మా ఆయన పోయాడు. ఇల్లంతా చుట్టాలు. ఎవరు చెప్పారో, ఎవరు పరిచారో, లోపలి గది మూలన చాప పడింది. ఏడ్చి ఏడ్చి ఓపిక లేక నేను దాని మీద కూర్చున్నాను కూడా. అప్పటికి రత్నమ్మక్క బాగా ముసలిది. కర్ర పట్టుకొని వచ్చి, అందరూ చూస్తుండగా నా పక్కన కూలబడి నా మోచేయి పట్టుకుంది. "ఏడువమ్మాయ్, నీకు ఏడుపు తీరేదాకా ఏడువు," అంది. "యాడ కూచోని ఏడవాలో మాత్రం వీళ్లను చెప్పనీయొద్దు."

కర్మలు ముగిసిన మర్నాడే నేను బడికి బయల్దేరాను. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. వీధి మలుపులో ఎదురొచ్చిన ఒకాయన నన్ను చూసి, శకునం బాగాలేదని ఆగిపోయాడు. నేను ఆగలేదు. ఇవాళ్టికీ నన్ను చూసి ఎవరైనా ఆగితే, వాళ్లను దాటుకొనే పోతున్నాను.