కదిలిన వరుస

హిందూపురం మునిసిపల్ చైర్‌పర్సన్‌గా రామాంజినమ్మ చేసిన మహాసంస్కరణ ఒక్కటే. నీళ్ల ట్యాంకర్ వరుసలో బిందెను పెట్టి ఇంటికి పోవడం నిషేధం. నీళ్ల కార్డు ఎవరి పేరున ఉంటే ఆ మనిషే వరుసలో ఉండాలి. ఆ పుణ్యానికే జనం 2004లో ఆమెను ఎంపీని చేశారు.

ప్రమాణస్వీకారానికి ఢిల్లీ బయలుదేరే రోజునే, వారంగా రాని ట్యాంకర్ వచ్చింది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. కార్డు ఆమె పేరున ఉంది, వంతు ముప్పై ఒకటి. రైలుకు ముప్పావుగంటే ఉంది. భర్త తిరుపాల్ అప్పటికే పెట్టెతో స్టేషన్‌లో ఉన్నాడు.

"నువ్వు ఎంపీవి గదక్కా, ముందుకు పో" అన్నారు ఆడవాళ్లు.

"రూలు పెట్టింది నేనే గదమ్మా" అందామె ఏడుపు గొంతుతో.

వెనకున్న చౌడక్క బిందెను చంకకెత్తుకుంది. "వరుస తప్పగూడదని రూలుండాది గానీ, వరుస నడవగూడదని యాడుండాది? ఏమప్పా డ్రైవరూ, బండిని మెల్లగా టేసనుకు పోనీ!"

ట్యాంకర్ కదిలింది. పైపు నడుస్తూనే పోసింది. నిండిన బిందెల వాళ్లు కూడా ఇంటికి పోకుండా కేకలేస్తూ వెంటపడ్డారు. స్టేషన్ గేటు దగ్గర ముప్పై ఒకటో వంతు వచ్చేసరికి రైలు కూసింది. నిండిన బిందెను తిరుపాల్ చేతికిచ్చి, పెట్టె లాక్కుని, ఆమె పరిగెత్తి రైలెక్కింది.

ఆ విధంగా రామాంజినమ్మ మోకాళ్ల దాకా తడిసి జాతీయ రాజకీయాల్లో ప్రవేశించింది.