అక్క తేలికపడిన రోజు

అరవైల చివర, నేను శ్రీకాకుళం ఆసుపత్రిలో నర్సుగా చేరిన రెండో ఏడు. మా అక్కను నౌపడలో ఇచ్చారు. బావా తనూ ఉప్పు మళ్లలో పనిచేసేవారు. సెలవు పెట్టి చూడబోతే అక్క దవడ వాచిపోయి, చాపమీద పడుకుని వాంతులు చేసుకుంటోంది.

నాలుగు రోజులుగా పంటినొప్పి. నమలలేక గుక్కెడు గంజి తప్ప ఏమీ ముట్టలేదు. కొట్లో కొన్న, నొప్పికీ జ్వరానికీ వేసుకునే మాత్రలు మాత్రం సలుపు వచ్చినప్పుడల్లా మింగింది.

"ఎన్నేసుకున్నావే?" అన్నాను.

"లెక్కెట్టుకుంటామేటే? నొప్పెడితే ఏసుకున్నాను."

మర్నాడు వాంతులు ఆగాయి. లేచి కూర్చుని, నా జడ విప్పి మళ్లీ అల్లింది. "తేలిగ్గా ఉన్నాదే. నువ్వు డూటీకెల్లిపో" అంది. నమ్మాను. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయాను.

రెండు రోజులకు బావ ఆమెను మా ఆసుపత్రికే తెచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. పచ్చకామెర్లని ఊళ్లో ఆకుపసరు పోయించారట. అక్క నన్ను గుర్తుపట్టక "అమ్మా" అంది. చేతులు చాపమంటే మణికట్ల దగ్గర నిలవక వాలిపోతూ, లేస్తూ ఊగాయి. సూది గుచ్చినచోట నెత్తురు ఆగలేదు.

ఏం మందులు వాడిందని డాక్టరుగారు అడిగారు. బావ పసరు గురించి చెప్పాడు. మాత్రల గురించి నేను చెప్పాను. ఆయన అక్క కళ్లు మరోసారి చూశారు.

"ఆ మాత్రలు ఎక్కువైతే లివరు పాడవుతుందని ఈమధ్యే వైద్య పత్రికల్లో చదివాను. విరుగుడు లేదమ్మా. చేయగలిగింది చేద్దాం."

గ్లూకోజు ఎక్కించాం. నెత్తురు గడ్డకట్టడానికి ఇంజక్షన్లు ఇచ్చాం. అక్క మగతలోకి జారిపోయింది. బావ వరండాలో నన్ను ఆపాడు.

"పంటినొప్పికి మనిసి సచ్చిపోద్దేటి? సెప్పు మరదలా, నువ్వు నర్సువి కదా!"

మూడోనాడు ఉదయం అక్క పోయింది.

వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపించే ఆ ఒక్కరోజూ లోపల లివరు చచ్చిపోతూ ఉంటుందని తర్వాత తెలిసింది. చాలా ఏళ్లకు విరుగుడూ వచ్చింది. కళ్లు పచ్చబడకముందే, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది.

ఆ తర్వాత ఒకసారి భావనపాడు నుంచి ఒక అమ్మాయి మా ఆసుపత్రికి వచ్చింది. జ్వరానికి అక్క వాడిన మాత్రలే, మాత్రల మీద మాత్రలు మింగిందట. "తగ్గిపోనాది, ఇంటికెల్లిపోతాను" అని మంచం దిగింది. వెళ్లనివ్వలేదు. డాక్టరును పిలిచి ఆ విరుగుడు మందు ఎక్కించేదాకా పక్కనే నిలబడ్డాను. వారానికి ఆ అమ్మాయి తన కాళ్లమీద నడిచి వెళ్లింది. ఆ రోజు ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చాను.